అటకమీది ఆటపెట్టె

నా పుట్టినిల్లు పాలంపేట. వరంగల్లునుండి సుమారు డెబ్బది కిలోమీటర్లు. నేను పుట్టిననాడు అది వరంగల్లు జిల్లా. ఇప్పుడు ములుగు జిల్లా. రామప్పగుడికి మా యింటినుండి నడచియే పోవచ్చును. 2024 దసరాకు నేనచ్చటికి పోయినప్పుడు జరిగిన యొక సంగతి సోదరీమణులకు చెప్పవలెనని యున్నది. అది పిల్లలాడు వీడియోగేము పెట్టెను గూర్చినది. వంటలు, వ్రతములు, బిడ్డల యారోగ్యము చదువుకొను పుటలలో ఇది యేమి విషయమని కొందరు నవ్వవచ్చును. కాని నేడు ఇంటింట బిడ్డల చేతిలోనున్న వస్తువు అది. దానిని కొనియిచ్చువారము మనమే గదా.

మా పెద్దవాడు హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్నాడు. మొదటియేటి జీతములో మిగిల్చిన డబ్బుతో సుమారు ఏబదివేల రూపాయలు పోసి క్రొత్త వీడియోగేము యంత్రమొకటి కొనెను. సద్దుల బతుకమ్మకు అమ్మమ్మగారింటికి పోవుచున్నాము, పిల్లలు ఆడుకొందురని దానిని గూడ మూటగట్టి తెచ్చెను. పిల్లలనగా నా తమ్ముని బిడ్డలు: పండ్రెండేండ్ల కొడుకు, తొమ్మిదేండ్ల కూతురు. నేను పుట్టింటి గడప త్రొక్కుట మూడు దసరాల తరువాత అదియే మొదటిసారి. ఏల పోలేదో తరువాత చెప్పెదను.

తమ్ముని యింట గోడకు తగిలించిన పలుచని టీ.వీ. కలదు. మావాడు తీగెలు తగిలించి మీట నొక్కగానే తెర వెలిగెను గాని ఆట రాలేదు. ముందు యంత్రమునకు క్రొత్త సవరణ దింపుకొనవలెనట. పిదప ఆటకు వేఱొక సవరణ దింపుకొనవలెనట. ఆట బిళ్ల మనచేత నున్నను చాలదట. నేటి పెద్ద యాటలు ఒక్కొక్కటి ఏబది, నూరు గిగాబైట్లుండును. మా యూర ఫోను సిగ్నలు చెట్టుగాలి వంటిది, వచ్చినప్పుడు వచ్చును. మావాడు ఫోనును కిటికీలో నిలిపి దింపుట కారంభించెను. నూటికి రెండు, నూటికి మూడు అని తెరపై అంకె ప్రాకుచుండెను. పిల్లలిద్దరును ఎదుట కూర్చుండి ఆ యంకెనే ఆటవలె చూచుచుండిరి. మా యవ్వ (మా ప్రాంతమున తల్లిని అవ్వ యందుము) తంగేడుపూలు కట్టలు కట్టుచు, "ఇది యెప్పుడు ఆడుతది బిడ్డా?" అని మూడుసారులు అడిగెను. నాలుగవసారి యడుగులోపల కరెంటు పోయెను.

మఱునాడు ఉదయమునకు ఆట సిద్ధమయ్యెను. అబద్ధమెందుకు, చూడ ముచ్చటగానే యున్నది. అందులో నొక చెరువు కనబడెను. సాయంకాలపు టెండలో నీరు మెరయుట, గాలికి రెల్లు వంగుట చూచి, ఇది మన రామప్పచెరువే యని మేనకోడలు చప్పట్లు కొట్టెను. అయితే చేతి రిమోటు ఒక్కటియే. రెండవది కొనవలెనన్న మఱి ఐదారువేలు. పైగా ఆ యాట ఒక్కరే యాడునది. మేనల్లుడు చెవులకు డిప్పలు తగిలించుకొని కూర్చుండెను. పిలిచినను పలుకడు. అటుప్రక్క హైదరాబాదులోనున్న మావాని స్నేహితు లెవరో వానితో మాటలాడుచున్నారట. ఇటుప్రక్క చెల్లెలు వాని భుజము పట్టి లాగుచున్నది. రెండు గంటలు చూచి చూచి ఆ పిల్ల యేడ్చుటకు మొదలుపెట్టెను.

అప్పుడు మా యవ్వ యనెను: "మన మీసాలోని డబ్బ అటకమీదనే ఉన్నది గద. దించరాదున్రి?"

ఆ మాట విని నాకు నవ్వును వచ్చెను, గుండె కలుక్కున నయ్యెను.

1994లో మా బాపు ఎనుమాముల మార్కెట్టులో పత్తి అమ్మి వచ్చుచు హనుమకొండ చౌరస్తాలో ఆ పెట్టెను కొనితెచ్చెను. మాయూర అంతకుముందు అట్టిది లేదు. అసలు యంత్రము జపానుది. మసయుకి ఉయెమురా అను ఇంజనీరు ఆధ్వర్యమున రూపొంది, నింటెండో కంపెనీచే 1983 జూలై 15వ తేదీన అచ్చట విడుదలయ్యెను. దానికి వారు పెట్టిన పేరు 'ఫ్యామిలీ కంప్యూటర్'. కుదించి 'ఫామికాం' అందురు. ఇరువదేండ్లు తయారై 2003లో ఆగెను. అన్ని దేశములలో కలిపి ఆరుకోట్లకు పైగా అమ్ముడుపోయినది. మన యూళ్లకు వచ్చినవి అవి కావు, వాని నకళ్లు. మా పెట్టెపై చేసినవాని పేరైనను లేదు. దానితో వచ్చిన పసుపుపచ్చని క్యాసెట్టుపై మాత్రము 9999 ఆటలని గొప్పగా వ్రాసియుండెను. నేనును తమ్ముడును సెలవులలో ఓపికగా లెక్కించితిమి: వేఱువేఱు ఆటలు ఇరువదికూడ లేవు. తక్కినవన్నియు వానినే మఱల మఱల పేరు మార్చి వ్రాసినవి. ఆ మోసమును కనుగొనుటయు మాకొక యాటయే అయ్యెను.

మీసాలోడనగా మారియో. ఎగిరెగిరి ఇటుకలను గుద్దు మనుష్యుడు. ఆ యాట జపానులో 1985లో వచ్చినది. మొత్తము ముప్పదిరెండు మజిలీలుగల ఆ యాట యంతయు నలువది కిలోబైట్లలో ఇమిడియున్నది. మావాడు కిటికీలో ఫోను పెట్టి దింపిన ఏబది గిగాబైట్ల యాటలో అట్టి యాటలు పండ్రెండున్నర లక్షలు పట్టును. అంత యిఱుకులో ఎట్లు ఇమిడ్చిరన్నచో, ఉన్న బియ్యముతోనే పదిమందికి సరిపెట్టు ఇల్లాలి నేర్పు వంటిది. ఆకాశములోని మేఘమును నేలమీది పొదయు ఒకే బొమ్మ. ఒకదానికి తెలుపు, ఒకదానికి పచ్చన అద్దినారు. ఇది నాకు నలువదేండ్లు దాటిన తరువాత మా చిన్నవాడు చెప్పువరకు తెలియలేదు. తెలిసిన తరువాత చూచినచో అవురా యనిపించును.

మా యవ్వకు ఇటుకలు పగులగొట్టుటయే నచ్చెడిది కాదు. "రామప్ప గుడి ఇటుకలు నీళ్లమీద తేలుతయి. వీడు పలగ్గొట్టుడు దప్ప ఏమి ఎరుగడు" అనెడిది. గుడి శిఖరమునకు వాడిన ఇటుకలు నిజముగ అంత తేలికైనవే. శుక్రవారము చిత్రలహరి వచ్చువేళకు మాత్రము మీసాలోని నెత్తిమీద మొట్టి పెట్టెను మూసివేసెడిది.

ఆ పెట్టెకు రెండు రిమోటు లుండెడివి. రెండును పెట్టెకే అతుకబడిన తీగెలతో నుండెడివి. ఒకటవదానిపై 'స్టార్టు' అను మీట యుండును. ఆట మొదలుపెట్టవలెనన్నను, నడుమ ఆపవలెనన్నను అదియే నొక్కవలెను. రెండవదానిపై ఆ మీట లేదు. ఇది నకలు చేసినవాని లోభము గాదు. అసలు జపాను యంత్రమునకే అట్లున్నది. రెండవ రిమోటుపై ఆ చోట చిన్న మైకు నుంచినారు. మా నకలులో మైకును లేదు, మీటయును లేదు. తమ్ముడు నాకంటె మూడేండ్లు చిన్నవాడు. అయినను మొదటి దినమే ఒకటవ రిమోటు వానిచేతికి పోయెను. ఎవరును ఇయ్యలేదు, ఎవరును అడుగలేదు. "మొగపిల్లగాడు, ఆడుకోనీ" అని బాపు కూడ అనియుండలేదు. అనవలసిన పనియే లేకపోయెను. నేను పెండ్లియై పోవువరకు ఆరేండ్లు నాది రెండవ రిమోటే. మారియో యాటలో ఒకరి తరువాత ఒకరు ఆడవలెను. మొదటివాడు చచ్చినగాని రెండవవానికి వంతు రాదు. వాడు నేర్పరి, తొందరగా చావడు. నేను గోరింటాకు పెట్టుకొని, అది ఆరి, కడుగుకొనిన తరువాతగూడ నా వంతు రానిదినము లున్నవి.

ఇప్పుడు మూడు దసరాల సంగతి. మా బాపు 2020లో కాలము చేసెను. చెరువుక్రింద రెండెకరములు ఆయన స్వార్జితము. వీలునామా లేదు. అట్టి యాస్తిలో భార్యకును కొడుకునకును కూతునకును సమానభాగములని 1956 నాటి హిందూ వారసత్వ చట్టమే చెప్పుచున్నది. తాతలనాటి ఉమ్మడి యాస్తిలోగూడ పెండ్లికాని కూతుండ్రకు కొడుకులతో సమానమైన హక్కు మన తెలుగునాట 1985 సెప్టెంబరునుండియే వర్తించెను. కూతుండ్రందరికిని దేశమంతట 2005లో వచ్చెను. 2021లో తమ్ముడు ఒక కాగితము తెచ్చి, "అక్కా, ఇక్కడ ఒక్క సంతకం" అనెను. వాడు చదివి వినిపింపలేదు, నేను చదువుకొంటిని. నా భాగము నేను వదలుకొన్నట్లు అందున్నది. నేను పెట్టనంటిని. "నీకేం తక్కువైందని?" అనెను. తక్కువైనదని గాదు, అడుగకుండ వ్రాయించితివని నేనంటిని. అంతటితో మాటలు నిలిచిపోయెను. ఆ యేడే జూలై 25వ తేదీన రామప్పగుడి ప్రపంచ వారసత్వ సంపదలలో చేరెను. ఊరంతట బ్యానర్లు, ఎక్కడ చూచినను వారసత్వము అను మాటయే. మా యింట మాత్రము ఆ మాట ఎత్తరాదయ్యెను.

2024లో అవ్వ ఫోను చేసి, "ఈసారి నువ్వు రాకుంటే నేను బతుకమ్మ పేర్వ" ననెను. అందుకని పోతిని. తమ్ముడు బస్సుకడకు వచ్చి సంచులు మోసెను, మరదలు నీళ్లిచ్చెను, అందరును నవ్విరి. కాని నేనును వాడును ఒకరి మొగమొకరు చూచి మాటలాడలేదు. "అవ్వా, అక్కకు చాయ పొయ్యి" అని వాడు అవ్వతో అనును. "వాడు తిన్నడా?" అని నేను అవ్వ నడుగుదును. ఇంటిలో ఇట్టి సంభాషణ యెంత అలసటయో ఎరిగినవారికే తెలియును.

అటకమీద ఇనుపపెట్టెలో పాత తాంబాళముల క్రింద ఆటపెట్టె దొరికెను. దుమ్ము తుడిచి తీగె గోడకు పెట్టినచో ఉలుకులేదు, పలుకులేదు. తమ్ముడు మోటార్లు, స్టార్టరు డబ్బాలు బాగుచేయు చేయి గలవాడు. తీగె కనబడినచో ఊరకుండలేడు. ఎవరును పిలువకయే వచ్చి అడాప్టరు చేతికి తీసికొని, "ఇది కాలిపోయింది" అని గోడతో చెప్పెను. వేఱొక పాత అడాప్టరు తెచ్చి, తొమ్మిది వోల్టులున్నదని చూచి, లోపలిమొన ధనమో ఋణమో కొలిచి, తీగె మార్చి అతికెను. పెట్టె యడుగున మరలు విప్పి చూచినచో లోపల చిన్న పచ్చని పలక, దాని నడుమ గట్టిపడిన తారువంటి నల్లని బొట్టొకటి. యంత్రపు పనియంతయు ఆ బొట్టుక్రిందనే జరుగునట. క్యాసెట్టు నోటిని మేము చిన్నప్పుడు ఊదెడివారము. అట్లు చేయరాదు, నోటి తడికి రాగి చిలుము పట్టును. వాడు దూదిని స్పిరిటులో ముంచి తుడిచెను. రిమోటు మీటలక్రింద రబ్బరు బుడిపెలుండును; వాని యడుగున పూసిన నల్లని పొర రెండు రాగిగీతలను తాకినప్పుడే మీట పడినట్లు. వానినిగూడ ఒక్కొక్కటే తుడిచెను. అంతసేపును నేను దీపము పట్టుకొని నిలుచుంటిని. "కొంచెం ఇటు" అనెను ఒకసారి. మూడేండ్లలో వాడు నేరుగా నాతో అన్న మొదటిమాట అది.

పలుచని టీ.వీ.కి తగిలించగా బొమ్మ వచ్చెను గాని మారియో మన మాట వినుట లేదు. ఎగురుమన్న రవ్వంత ఆలస్యముగా ఎగురును. అంతలో గోతిలో పడును. బాతులను కాల్చు తుపాకి అసలే పనిచేయలేదు. దీని కారణము తెలిసికొనదగినది. తుపాకి నుండి ఏమియు వెలువడదు. దాని గొట్టములో వెలుతురును చూచు కన్నొకటి యుండును. మీట నొక్కగానే తెర యంతయు ఒక్క క్షణము నల్లనై, వెంటనే బాతున్నచోట తెల్లని చదరము వెలుగును. చీకటి వెనువెంటనే వెలుగు కనబడినచో గురి తగిలినట్లు. పాత గాజుబుడ్డి టీ.వీ. తన కందిన బొమ్మను అందినట్లే గీతవెంట గీతగా, సెకనుకు ఏబది అరువది సారులు గీయును. క్రొత్త టీ.వీ. బొమ్మను ముందు తనలో నింపుకొని, దిద్ది, పిదప చూపును. ఆ కొద్ది యాలస్యములో తుపాకికన్ను చీకటినే చూచి ఊరకుండును. తమ్ముడు అవ్వ గదిలో గుడ్డ కప్పియున్న పాత డబ్బా టీ.వీ.ని రొమ్ముకానించి మోసికొనివచ్చెను. మొదటి గురికే బాతు పడెను. రెండవది తప్పగా పొదలోనుండి కుక్క లేచి నవ్వెను. "ఆ కుక్క ఇంకా నవ్వుతనే ఉన్నదా!" అని అవ్వ మురిసెను.

ఆ రాత్రి క్రొత్త యంత్రము గోడప్రక్క నిలుచుండెను. మా పెద్దవాడు కొంత చిన్నబోయెను. వానికి నేను సర్ది చెప్పితిని. క్రొత్తదానిలో ఆడినంతవరకు భద్రమై యుండును, పాతదానిలో కరెంటు పోయిన మొదటినుండి ఆడవలెను. ఈ విషయమున క్రొత్తదే మేలు. కాని పిల్లలిద్దరును ఒక చాపమీద కూర్చుండి, మోచేతులు తగిలించుకొని, "నా వంతు, నా వంతు" అని కొట్లాడుచుండిరి. మేనల్లుని చెవులకు డిప్పలు లేవు. చెల్లెలు రెండవ రిమోటు పట్టుకొన్నది. నేనది చూచి, అర్ధగంట కొకసారి రిమోటులు మార్చుకొనవలెనని కట్టడి చేసితిని. "ఎందుకత్తమ్మా?" అని వాడడిగెను. "నేను చెప్పిన గనుక" నంటిని.

పిల్లలు నిద్రపోయిన తరువాత తమ్ముడు 'కాంట్రా' పెట్టెను. అది ఇద్దరు సైనికులు కలిసి యాడునది. వాడు ఒకటవ రిమోటు నా యొడిలో నుంచి, "రెండోదాన్ల బటను సరిగ పడుతలేదు. నేను చూసుకుంట. నువ్వు ఇది తీస్కో" అనెను. అది నిజమో, సాకో నేను విచారింపలేదు. రెండు మజిలీలు దాటి మూడవదానికి వచ్చితిమి. అది జలపాతము. బండలమీద ఎగురుచు పైకెక్కవలెను. ఎవరు ముందెక్కిన వారితోబాటు తెర పైకి జరుగును. వెనుకబడినవాడు తెర యడుగునకు పోయి చచ్చును. అతని తప్పేమియు నుండదు, ప్రక్కవాడు ఆగకపోవుటయే. చిన్నప్పుడు అచ్చట వాడు నన్ను నూరుసారు లట్లు చంపియుండును. ఆ రాత్రి నేను ముందు పోవుచుంటిని. "అక్కా, ఆగు, ఆగు" అని వాడు కేకవేసెను.

నేను స్టార్టు నొక్కితిని. ఆట నిలిచిపోయెను. నేను మఱల నొక్కినగాని అది కదలదు.

"కాగితం సంగతేం చేద్దాం?" అని యడిగితిని.

వాడు తెరవంకనే చూచుచుండెను. అవ్వ మంచముమీద అటు తిరిగి పండుకొన్నది. నిద్రపోలేదని నాకు తెలియును.

"ఆ పొలం మీద అప్పున్నది, నీకు చెప్పలే" అని వాడు మెల్లగ ననెను. బోరు వేయించినప్పటి యప్పట. ఎంతయో చెప్పెను. అది నేనెరుగని సంగతి. అప్పులోగూడ నా భాగము లెక్కకట్టుమని నేనంటిని. చాలసేపు ఊరకుండి, "కోతలు అయినంక సర్వేయరును పిలుస్త. కొలిపిద్దాం" అనెను. ఇంకేమియు ననలేదు. నేనును అనలేదు. స్టార్టు నొక్కితిని. ఇద్దరమును ఆ జలపాతములోనే చచ్చితిమి.

దసరానాడు జమ్మి తెచ్చి నా చేతిలో పెట్టి కాళ్లకు మ్రొక్కెను. కోతలైన పిదప సర్వేయరు వచ్చి కొలిచెను. మూడు భాగములకు రాళ్లు నాటిరి. గట్టువైపు భాగము నాకు పోయినదని తమ్మునికి నేటికిని కొంత కష్టముగానే యున్నది. మాటలాడుచునే యున్నాడు, సణుగుచునే యున్నాడు.

క్రొత్త యంత్రమును మావాడు హైదరాబాదుకు తీసికొనిపోయెను. అచ్చట వానికి దానితో బాగుగనే ప్రొద్దుపోవుచున్నది. పాతది పాలంపేటలోనే యున్నది. డబ్బా టీ.వీ. గాజుబుడ్డి పోయినచో బాగుచేయువారు దొరకుట కష్టమని తమ్ముడు చెప్పుచున్నాడు. రెండవ రిమోటు రబ్బరు నిజముగనే చిరిగియుండెను. మొన్న సంక్రాంతికి పోయినప్పుడు విప్పి చూచితిని. హనుమకొండలో మూడు దుకాణములు తిరిగితిని, దొరకలేదు. పాత రిమోటులు కుప్పగా నున్న దుకాణమొకటి వరంగల్లు స్టేషనువైపు కలదని చెప్పిరి. ఈ వారము పోయి చూడవలెను.